కైరోలో పన్నెండు మంది, మనీలాలో ఒక్కడు

2017 జులై 8, కైరో. అండర్-19 బాస్కెట్‌బాల్ ప్రపంచకప్ సెమీఫైనల్లో కెనడా 99-87తో అమెరికాను ఓడించింది. 2013లో ప్రేగ్‌లో, 2015లో గ్రీసులోని హెరాక్లియోన్‌లో వరసగా కప్పు కొట్టిన జట్టు అమెరికా. కెనడాకేమో పురుషుల్లో గానీ మహిళల్లో గానీ, పిల్లల్లో గానీ పెద్దల్లో గానీ అప్పటిదాకా ఒక్క ప్రపంచ టైటిలూ లేదు. ఈ ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ పుట్టింది కెనడాలోని ఆల్మాంట్‌లోనే. అయినా ఆ దేశానికి ఒలింపిక్స్‌లో దక్కిన పెద్ద పతకం 1936 నాటి రజతమే. బెర్లిన్‌లో వానకు తడిసి బురదైన ఆరుబయటి కోర్టులో అమెరికా చేతిలో 8-19తో ఓడి తెచ్చుకున్నది అది. అలాంటి దేశపు కుర్రాళ్లు సెమీస్ గెలిచిన మర్నాడే ఇటలీని 79-60తో ఓడించి స్వర్ణం పట్టుకున్నారు.

ఆ రోజుల్లో వార్తలన్నీ ఒకే పేరు చుట్టూ తిరిగాయి: ఆర్‌జే బారెట్. అమెరికాపై 38 పాయింట్లు, 13 రీబౌండ్లు (మిస్సయిన షాట్ల బంతిని పట్టుకోవడం), 5 అసిస్టులు (పాయింట్లు తెచ్చిన పాసులు). టోర్నీ ఎంవీపీ, అంటే అత్యుత్తమ ఆటగాడు కూడా అతనే. అప్పటికి అతనికి 17 ఏళ్లు నిండి నెల కూడా కాలేదు. 1998లో పుట్టినవాళ్ల దాకా ఆడనిచ్చే టోర్నీలో 2000 జూన్‌లో పుట్టిన కుర్రాడు ఇంత చేయడం చిన్న విషయం కాదు. ఆ వయసులో రెండేళ్ల తేడా అంటే భుజాల్లో, తొడల్లో, ఊపిరిలో తేడా. బారెట్‌ది ఎడమచేతి వాటం. ఎటు వెళ్తాడో ఎదుటివాడికి ముందే తెలుసు, ఎడమవైపే. తెలిసినా ఆపడం కష్టం. భుజం ఆనించి, రెండు పొడవాటి అంగల్లో రింగు కిందికి చేరి, ఒంటికి ఒళ్లు తగులుతున్నా బంతిని బోర్డుకు తాకించి లోపల వేసేస్తాడు. ఫౌల్ పడితే ఫ్రీ త్రో అదనం.

అయినా ఒక చిన్న లెక్క వేసి చూడాలి. 99లోంచి 38 తీసేస్తే 61. అమెరికా లాంటి జట్టు మీద మిగతా కుర్రాళ్లు కలిసి చేసిన పాయింట్లవి. పైగా బారెట్‌ను ఇద్దరేసి చుట్టుముట్టినప్పుడు ఖాళీగా నిలబడి పాస్ అందుకునేవాడు కావాలి. మిస్సయిన షాట్లకు రీబౌండ్ పట్టేవాళ్లు కావాలి. అటువైపు డిఫెన్స్‌లో 40 నిమిషాలూ నిలబడేవాళ్లు కావాలి. ఒక్కడి ప్రతిభతో సెమీఫైనల్ గెలవొచ్చేమో గానీ, అంత పెద్ద గెలుపు తర్వాత 24 గంటల్లో మళ్లీ కోర్టులో దిగి ఫైనల్‌ను 19 పాయింట్ల తేడాతో గెలవడం జట్టంతా సిద్ధంగా ఉంటే తప్ప జరగదు. పిల్లల టోర్నీల్లో ఈ మర్నాటి మ్యాచే అసలు గండం. దిగ్గజాన్ని కూల్చిన రాత్రి ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టదు, ఫోన్లు మోగుతూనే ఉంటాయి, పొద్దున లేచేసరికి కాళ్లు బరువెక్కి ఉంటాయి. తొమ్మిది రోజుల్లో ఏడు మ్యాచ్‌లు ఆడించే టోర్నీలో అది ఏడోది. సెమీస్ స్కోరు ఎక్కువమందికి గుర్తుండిపోయింది గానీ, ఆ కోచింగ్ ఎంత గట్టిదో చూపించేది ఫైనల్ స్కోరే.

ఆ కోచ్ రాయ్ రానా. భారత సంతతివాడు. టొరంటోలోని ఈస్టర్న్ కామర్స్ అనే ప్రభుత్వ హైస్కూల్లో పిల్లలకు ఆట నేర్పి పేరు తెచ్చుకున్నాడు. తర్వాత అదే నగరంలో రయర్సన్ యూనివర్సిటీ జట్టును పదేళ్లపాటు నడిపాడు. 2010లో జర్మనీలోని హాంబర్గ్‌లో మొట్టమొదటి అండర్-17 ప్రపంచ టోర్నీ జరిగినప్పుడు కెనడాకు కాంస్యం తెచ్చిన కోచ్ కూడా ఇతనే. ఆ జట్టులో 15 ఏళ్ల ఆండ్రూ విగిన్స్ ఉన్నాడు. నాలుగేళ్లకు, 2014లో, అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి పిలుపు అతనిదే. అంటే కైరో నాటికి రానా ఇలాంటి జట్లతో ఏళ్ల తరబడి తిరిగి ఉన్నాడు. పదిహేనేళ్ల పిల్లాడు తొలిసారి విదేశంలో ఆడితే ఎప్పుడు బెదురుతాడో, ఎన్‌బీఏ కలలున్న కుర్రాడిని బెంచీ మీద కూర్చోబెడితే ఎలా ముఖం మాడ్చుకుంటాడో అతనికి బాగా తెలుసు. అవతలి జట్టు కోచ్ జాన్ కాలిపరి అప్పట్లో కెంటకీ యూనివర్సిటీలో దిగ్గజమే, అందులో సందేహం లేదు. కానీ ఈ వయసు పిల్లల అంతర్జాతీయ ఆటలో అనుభవం రానాదే ఎక్కువ.

ఈ అనుభవం ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే నిబంధనల సంగతి కాస్త చూడాలి. అమెరికా కాలేజీ ఆట 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు. అంతర్జాతీయ ఆట 10 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. కాలేజీలో షాట్ కొట్టడానికి 30 సెకన్లు, ఇక్కడ 24. మిస్సయిన షాట్ బంతిని మళ్లీ అదే జట్టు పట్టుకుంటే ఇక్కడ గడియారం మళ్లీ 14 దగ్గరే మొదలవుతుంది. కాలేజీలో త్రీ పాయింట్ గీత (దాని బయటి నుంచి వేస్తే మూడు పాయింట్లు) అప్పట్లో ఇంకా దగ్గరగా ఉండేది. అంతర్జాతీయ కోర్టులో అది 6.75 మీటర్లు. బంతి రింగును తాకాక, అది రింగు మీద దొర్లుతున్నా సరే, ఇక్కడ ఎవరైనా చేత్తో కొట్టేయొచ్చు. అమెరికాలో అలా చేస్తే తప్పు. టైమ్ అవుట్ కూడా అంతే. అక్కడ బంతి చేతిలో ఉన్న ఆటగాడే అడిగేయొచ్చు. ఇక్కడ కోచే అడగాలి, అదీ ఆట ఆగినప్పుడో, అవతలి జట్టు బుట్టలో వేసిన వెంటనేనో దొరుకుతుంది. కాబట్టి బంతి చేతిలో ఉండగా చిక్కులో పడిన ఆటగాడు టైమ్ అవుట్ అడిగి తప్పించుకోలేడు. కోర్టులో ఉన్న ఐదుగురే ఊపిరి తీసుకుని నిలదొక్కుకోవాలి. విడివిడిగా చూస్తే ఇవన్నీ చిన్న చిన్న తేడాలు. కానీ జూన్‌లో కొలరాడో స్ప్రింగ్స్‌లో సెలక్షన్ క్యాంపు పెట్టి, ఒకరితో ఒకరికి పెద్దగా పరిచయం లేని పన్నెండు మంది మెరికల్లాంటి కుర్రాళ్లను జులైలో బరిలోకి దింపితే, అలవాట్లు మార్చుకునే వ్యవధి ఎక్కడిది? ప్రతి అండర్-19 టోర్నీలోనూ అమెరికాకు ఉండే చిక్కే ఇది. ప్రతిభ ఎక్కువ కాబట్టి సాధారణంగా నెగ్గుకొస్తుంది. ఎదుటి జట్టులో బారెట్ లాంటివాడు, పక్కన అలవాటు పడిన జట్టు, వెనక తెలిసిన కోచ్ ఉన్న రోజున నెగ్గలేదు.

ఇంతకీ కెనడాకు ఇంతమంది కుర్రాళ్లు ఎక్కణ్నుంచి వచ్చారు? చలికాలం అంతా ఐస్ హాకీ చూసే దేశం అది. 1995లో టొరంటో రాప్టర్స్, వాంకూవర్ గ్రిజ్లీస్ అని ఎన్‌బీఏ అక్కడ రెండు జట్లు పెట్టింది. వాంకూవర్ జట్టు 2001లో మెంఫిస్‌కు తరలిపోయింది. టొరంటో జట్టు నిలిచింది. ఆ జట్టు స్టార్ విన్స్ కార్టర్ ఎగిరి బంతిని రింగులో దించే డంకులు చూస్తూ ఒక తరం పిల్లలు పెరిగారు. వాళ్లలో చాలామంది కరీబియన్ నుంచి, ఆఫ్రికా నుంచి, దక్షిణాసియా నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలు. హాకీ కిట్టు ఖర్చు భరించలేని ఇంట్లో కూడా ఒక బంతి కొనగలరు. శీతాకాలంలో స్కూలు జిమ్మే మైదానం. ఎన్‌బీఏలో ఆడిన మొదటి భారత సంతతి ఆటగాడు సిమ్ భుల్లర్ టొరంటోలో పుట్టిన సిక్కు కుర్రాడే. 2015లో శాక్రమెంటో కింగ్స్ తరఫున కోర్టులో దిగాడు. బారెట్ పెరిగింది టొరంటోను ఆనుకుని ఉన్న మిసిసాగాలో. మిసిసాగా, బ్రాంప్టన్ అంటే మన తెలుగు కుటుంబాలు కూడా గట్టిగానే స్థిరపడిన ఊళ్లు.

బారెట్ విషయంలో ఇల్లు కూడా కలిసొచ్చింది. తండ్రి రోవన్ బారెట్ 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కెనడాకు ఆడాడు. ఆ జట్టులో సహచరుడు స్టీవ్ నాష్ ఆర్‌జేకు గాడ్‌ఫాదర్, అంటే బాప్టిజంలో పక్కన నిలబడిన పెద్ద. తర్వాత కాలంలో జాతీయ జట్టు జనరల్ మేనేజర్ బాధ్యత రోవన్‌దే. ఇంకో సంగతి దాచకుండా చెప్పుకోవాలి. కైరోకు వచ్చేనాటికి ఆర్‌జే చదువుతున్నది కెనడాలో కాదు, ఫ్లోరిడాలోని మాంట్‌వెర్డ్ అకాడమీలో. కెనడా మేటి కుర్రాళ్లు చాలామంది పదిహేను, పదహారేళ్లకే సరిహద్దు దాటి అమెరికా స్కూళ్లలో చేరిపోతారు. అమెరికాను ఓడించిన కుర్రాడి ఆట సగం అమెరికాలోనే పదునెక్కింది. కాబట్టి కైరో గెలుపును పూర్తిగా కెనడా సొంత పంటగా చూపించే కథనాలు సగం నిజమే చెబుతాయి. కెనడా బాస్కెట్‌బాల్ సమాఖ్య గొప్పతనం వేరే చోట ఉంది. బయట పెరుగుతున్న పిల్లలను కూడా ఎండాకాలం సెలవుల్లో వెనక్కి రప్పించి, ఒక వయసు జట్టు నుంచి పై వయసు జట్టుకు వరసగా ఎక్కించడం అది బాగా నేర్చుకుంది.

ఆ వరస ఇలా ఉంటుంది. బేసి సంవత్సరంలో ఖండం స్థాయిలో అండర్-16 టోర్నీ జరుగుతుంది. అందులో పైన నిలిచినవాళ్లు మరుసటి ఏడాది అండర్-17 ప్రపంచకప్‌కు వెళ్తారు. అదే ఏడాది ఖండం స్థాయిలో అండర్-18 జరుగుతుంది. అక్కడ పైన నిలిచినవాళ్లు ఆ తర్వాతి ఏడాది అండర్-19 ప్రపంచకప్‌కు వెళ్తారు. మెట్టు మీద మెట్టు. ఒక మెట్టు తప్పితే ఆ బ్యాచ్ పిల్లలకు ప్రపంచ స్థాయి ఆట రుచి దొరకదు. ఇంకోసారి రావడానికి వాళ్ల వయసు ఆగదు. కెనడాకు కైరో టికెట్ దొరికింది 2016లో చిలీలోని వాల్డివియాలో జరిగిన అమెరికాస్ అండర్-18 టోర్నీలో. అక్కడ ఫైనల్లో అమెరికా చేతిలోనే ఓడి రజతంతో సరిపెట్టుకుంది. ఆ వాల్డివియా జట్టులో షే గిల్జస్ అలెగ్జాండర్ అని ఒక సన్నటి గార్డు ఉన్నాడు. ఏడాది తర్వాత కైరోకు వెళ్లినవాళ్లలో అతను లేడు. ఆ సీజన్‌లోనే కెంటకీ యూనివర్సిటీలో, అదీ కాలిపరి దగ్గరే చేరాడు.

ఈ పేరు గుర్తుపెట్టుకుని 2023కు వస్తే అసలు సంగతి కనిపిస్తుంది. సెప్టెంబర్ 10న మనీలాలో, పెద్దల ప్రపంచకప్ కాంస్య పోరులో కెనడా మళ్లీ అమెరికానే ఓడించింది. ఎక్స్‌ట్రా టైమ్‌లో 127-118. ఆఖరి సెకనులో ఫ్రీ త్రో మిస్సయిన బంతిని పట్టుకుని అమెరికా ఆటగాడు మికల్ బ్రిడ్జెస్ మూడు పాయింట్ల షాట్ వేసి స్కోరు సమం చేసినా, కెనడా తడబడలేదు. డిల్లన్ బ్రూక్స్ 39 పాయింట్లు కొట్టాడు. 31 పాయింట్లు, 12 అసిస్టులతో ఆట నడిపించినవాడు షే గిల్జస్ అలెగ్జాండర్. పురుషుల ప్రపంచకప్‌లో కెనడాకు అదే తొలి పతకం. ఆ పన్నెండు మందిలో కైరో స్వర్ణం జట్టు నుంచి వచ్చినవాళ్లు ఎంతమంది? ఒక్కడు, బారెట్.

పన్నెండు మందిలో ఒక్కడంటే వ్యవస్థ విఫలమైందని అనుకోవడం తొందరపాటే. పదిహేడు, పంతొమ్మిదేళ్ల మధ్య ఎవరు ఎంత ఎదుగుతారో చూసి చెప్పగలిగే మనిషి లేడు. కొందరు ముందే ఒళ్లు చేసి ఆ వయసులో మెరుస్తారు, తర్వాత మిగతావాళ్లు అందుకున్నాక వెనకబడతారు. కొందరు ఆలస్యంగా విచ్చుకుంటారు. కొందరికి మోకాలో, మడమో ఎదురుతిరుగుతుంది. కొందరు యూరప్ లీగుల్లో, కెనడా లీగులో చక్కని కెరీర్ చేసుకుంటారు గానీ జాతీయ జట్టు గుమ్మం దాకా రారు. అండర్-19 జట్టు అంటే రేపటి పెద్దల జట్టుకు చిన్న కాపీ అనుకోవడమే పొరపాటు. అది ఒక వల. వల ఎంత వెడల్పుగా వేశామన్నది ముఖ్యం, మొదటిసారి ఏ చేప పడిందన్నది కాదు. వాల్డివియాలో ఆడి కైరోకు రాని గిల్జస్ అలెగ్జాండర్, 2021లో రీగాలో అండర్-19 కాంస్యం తెచ్చిన జట్టులోని జాక్ ఈడీ, ఇద్దరూ మనీలా జట్టులో ఉన్నారు. ఒకే బ్యాచ్ మీద పందెం కాయకుండా ఏటా కొత్త పిల్లలను ఎక్కిస్తూ పోయిన ఫలితం అది.

మధ్యలో ఆరేళ్లు ఏం జరిగిందో కూడా చూడాలి, ఎందుకంటే కైరో తర్వాత చాలామంది ఇక కెనడాకు తిరుగులేదని రాశారు. 2019 చైనా ప్రపంచకప్‌కు ఎన్‌బీఏ ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు రాలేమన్నారు. కెనడా 21వ స్థానంలో ఆగిపోయింది. 2021లో ఒలింపిక్ క్వాలిఫయింగ్ టోర్నీ సొంతగడ్డ విక్టోరియాలోనే జరిగింది. బారెట్, విగిన్స్ ఇద్దరూ ఆడారు. సెమీస్‌లో చెక్ రిపబ్లిక్ చేతిలో ఎక్స్‌ట్రా టైమ్‌లో 101-103తో ఓడి టోక్యో ఆశలు వదులుకున్నారు. ప్రతిభ ఉంది, పతకం లేదు. కారణం ఏమిటంటే ప్రతి ఎండాకాలం కొత్త జట్టే. పిల్లల జట్లలో ఏ అలవాటు కైరో గెలిపించిందో, పెద్దల జట్టులో అదే లేకుండా పోయింది. 2022లో సమాఖ్య ఒక పని చేసింది. 14 మంది ఆటగాళ్ల దగ్గర మూడేళ్లపాటు వరసగా ప్రతి ఎండాకాలం వస్తామని మాట తీసుకుంది. ఏడాదికి మనీలా కాంస్యం, ఆ మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్. 2000 తర్వాత తొలిసారి. సిడ్నీలో తండ్రిని క్వార్టర్‌ఫైనల్లో ఇంటికి పంపిన ఫ్రాన్సే పారిస్‌లో కొడుకునూ క్వార్టర్‌ఫైనల్లోనే ఆపింది. అయినా 24 ఏళ్ల గ్యాప్ అయితే పూడింది.

కైరోలో ఓడినవాళ్ల దారులు కూడా ఆసక్తిగానే సాగాయి. ఆ అమెరికా జట్టులో ఆడిన క్యామ్ రెడిష్ ఏడాది తర్వాత డ్యూక్ యూనివర్సిటీలో బారెట్‌కు సహచరుడయ్యాడు. అదే జట్టులోని ఇమ్మాన్యుయెల్ క్విక్లీ ఎన్‌బీఏ జట్టు న్యూయార్క్ నిక్స్‌లో బారెట్ పక్కనే ఆడాడు. 2023 డిసెంబర్ చివర్లో ఇద్దరినీ ఒకే ట్రేడ్‌లో, అంటే ఆటగాళ్ల మార్పిడిలో, నిక్స్ టొరంటోకు పంపింది. బారెట్‌కు అది సొంతూరు. ఇక రాయ్ రానా 2019లో శాక్రమెంటో కింగ్స్‌లో అసిస్టెంట్ కోచ్‌గా చేరాడు. అదే ఏడాది అక్టోబర్‌లో ముంబైలో భారతదేశపు తొలి ఎన్‌బీఏ మ్యాచ్‌లు ఆడిన రెండు జట్లలో కింగ్స్ ఒకటి. తర్వాత అతను ఈజిప్టు జాతీయ జట్టు పగ్గాలు పట్టి 2023 ప్రపంచకప్‌కు తీసుకెళ్లాడు.

ఇదంతా మనకు ఎందుకంటే, భారత అండర్-16, అండర్-18 జట్లు ఆసియా టోర్నీలకు వెళ్లినప్పుడల్లా మన దగ్గర వచ్చే వార్త రెండు వాక్యాలకు మించదు. ఎన్నో స్థానం, ఎవరి చేతిలో ఎన్ని పాయింట్ల తేడా. ఆసియా నుంచి ప్రపంచకప్‌కు నాలుగు జట్లే వెళ్తాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కూడా ఇప్పుడు ఇదే టోర్నీలో ఆడుతున్నాయి. వాటికి తోడు చైనా, జపాన్, కొరియా, ఇరాన్, ఫిలిప్పీన్స్, లెబనాన్. ఈ వరసలో మొదటి నాలుగులోకి రావడం ఒక్క క్యాంపుతో అయ్యే పని కాదు. ప్రతిభ లేక కాదు. కైరో టోర్నీ జరిగిన ఏడాదే గ్రేటర్ నోయిడాలో ఎన్‌బీఏ అకాడమీ మొదలైంది. అక్కడ పెరిగిన పంజాబ్ కుర్రాడు ప్రిన్స్‌పాల్ సింగ్ 2020లో ఎన్‌బీఏకు కింది మెట్టయిన అమెరికా జీ-లీగ్ దాకా వెళ్లాడు. అంతకుముందు 2015లో సత్నామ్ సింగ్‌ను ఎన్‌బీఏ జట్టు డల్లాస్ డ్రాఫ్ట్‌లో తీసుకుంది. ఒకడు, ఇద్దరు వస్తున్నారు. వాళ్ల పక్కన నిలబడి మిగతా 61 పాయింట్లు కొట్టే కుర్రాళ్లను తయారుచేసే వరస మాత్రం రావడం లేదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ వరస ఎక్కడ తెగుతుందో ఇంట్లో టీనేజీ పిల్లలున్న ఎవరికైనా తెలుసు. అండర్-16 అంటే పదో తరగతి. అండర్-18 అంటే ఇంటర్. స్కూల్లో జిల్లా, రాష్ట్ర స్థాయి దాకా ఆడిన పిల్లాడి బూట్లు ఇంటర్‌లో చేరిన రోజే అటకెక్కుతాయి. పొద్దున ఆరింటి స్టడీ అవర్ నుంచి రాత్రి పదింటి దాకా క్లాసులే ఉండే కాలేజీలో కోర్టు ఉన్నా ఆడేవాడుండడు. మళ్లీ ఇంజినీరింగ్‌లో చేరాక సాయంత్రం పూట సిమెంటు కోర్టులో బంతి పట్టుకునేసరికి పంతొమ్మిది నిండుతుంది, అండర్-19 తలుపు మూసుకుపోతుంది. స్పోర్ట్స్ కోటా ఉంది నిజమే. అది సీటు ఇస్తుంది గానీ పోయిన ఆ రెండేళ్ల ఆటను ఇవ్వదు. సరిగ్గా ఆ రెండేళ్లలోనే బారెట్ మాంట్‌వెర్డ్‌లో రోజూ తనకంటే పెద్దవాళ్లతో తలపడుతూ, ఎండాకాలంలో కెనడా జెర్సీ వేసుకుంటూ ఎదిగాడు. చదువు మానేసి కాదు, చదువుకుంటూనే. రోజుకు రెండు గంటల ప్రాక్టీసుకు టైమ్‌టేబుల్‌లో చోటిచ్చే జూనియర్ కాలేజీలు జిల్లాకు ఒకటి చొప్పున ఉన్నా, రాష్ట్ర జట్టు సెలక్షన్లకు వచ్చే పిల్లల సంఖ్య మారిపోతుంది.

ఈసారి భారత అండర్-18 జట్టు ఆసియా టోర్నీకి వెళ్లినప్పుడు స్థానం ఒక్కటే చూడకుండా ఇంకో మూడు విషయాలు చూడొచ్చు. రెండేళ్ల కిందటి అండర్-16 జట్టులోంచి ఎంతమంది ఈ జట్టులో ఉన్నారు? కోచ్ అప్పటివాడేనా, మళ్లీ కొత్తవాడా? జట్టు కలిసి ప్రాక్టీసు చేసింది ఎన్ని నెలలు, ఎన్ని వారాలు? ఒక మ్యాచ్‌లో 30 పాయింట్ల తేడాతో ఓడినా ఈ మూడింటికీ జవాబు బాగుంటే ఆ జట్టు సరైన దారిలోనే ఉన్నట్టు. జవాబులు బాగాలేకపోతే, ఒక కుర్రాడు 38 పాయింట్లు కొట్టి ఒక మ్యాచ్ గెలిపించినా మరుసటి రోజు మ్యాచ్‌కు ఆ జట్టు దగ్గర ఏమీ మిగలదు.